రాత్రి పిక్క పట్టేస్తోందా? అరటిపండుకు ముందు ఓ ప్రశ్న

నిద్రలో పిక్క పట్టేసి, అరుస్తూ లేచి కూర్చున్న అనుభవం మీకుందా? నాకుంది. హైదరాబాద్‌లో రిలీజ్ వారం. పొద్దున తొమ్మిది నుంచి రాత్రి పదకొండు దాకా కుర్చీలోనే. టీలు ఆరు, నీళ్లు ఒక్క బాటిల్. రాత్రి రెండింటికి ఎడమ పిక్క రాయిలా బిగుసుకుపోయింది. ఒక చేత్తో పిక్క పిసుక్కుంటూ, రెండో చేత్తో ఫోన్‌లో వెతికా. మొదట దొరికిన రీల్: పొటాషియం తగ్గింది, రోజూ రెండు అరటిపండ్లు తినండి. తిన్నా. వారంలో తగ్గింది. ఆలోపు రిలీజ్ కూడా అయిపోయిందన్న సంగతి అప్పుడు తట్టలేదు.

అందుకే బోధన్ నుంచి బాపు ఫోన్ చేసి "రాత్రిపూట పిక్కలు వట్టుకుంటున్నయ్ రా" అన్నప్పుడు నేను క్షణం కూడా ఆలోచించలేదు.

బాపుకు 57. షక్కర్‌నగర్ చక్కెర ఫ్యాక్టరీలో పనిచేసేవాడు. 2015 డిసెంబర్‌లో అది మూతపడ్డాక వ్యవసాయమే. కొంత వరి, కొంత చెరుకు. పగలంతా ఎండలో, బురదలో నిలబడే మనిషికి పిక్కలు పట్టేయడంలో వింతేముంది అనుకున్నా. "రోజూ రెండు అరటిపండ్లు తిను, గ్లూకోజ్ నీళ్లు తాగు" అని చెప్పి, రెండు గ్లూకోజ్ డబ్బాలు ఆర్డర్ పెట్టా. కొడుకు పట్టించుకుంటున్నాడని అమ్మ కూడా మురిసిపోయింది.

నెలన్నర తర్వాత ఇంటికి వెళ్లా. బాపు పక్కనే మంచం వేసుకుని పడుకున్నా. ఆ రాత్రి ఆయన నాలుగుసార్లు మూత్రానికి లేచాడు. మూడోసారి వచ్చి పడుకున్న కాసేపటికే "అమ్మా" అంటూ పిక్క పట్టుకున్నాడు. పొద్దున అడిగితే, "అరికాళ్లల్ల మంట గూడ ఉంటది. వయసు మీద వడ్తుంది గదరా, ఏం గాదు తియ్" అన్నాడు.

నేను వినలేదు. బస్సెక్కించి నిజామాబాద్ తీసుకెళ్లా. ఖలీల్‌వాడిలో డాక్టరమ్మ కాలు చూడకముందే ప్రశ్నలు మొదలుపెట్టారు. రాత్రి ఎన్నిసార్లు లేస్తారు? దాహం ఎక్కువగా ఉందా? ఏ మాత్రలు వాడుతున్నారు? రెండు కాళ్లా, ఒక్కటేనా? నడిస్తే వస్తుందా, పడుకుంటేనా?

పరగడుపు షుగర్ 236 వచ్చింది. 126 నుంచే మధుమేహం కింద లెక్క. "ఏం తింటున్నారు, ఏం తాగుతున్నారు?" అంటే బాపు మాట్లాడలేదు, నా వైపు చూశాడు. గ్లూకోజ్ డబ్బాల సంగతి నేనే చెప్పా. షుగర్ ఫ్యాక్టరీలో అన్నేళ్లు చేసిన మనిషి ఒక్కసారి కూడా షుగర్ పరీక్ష చేయించుకోలేదు. ఇంజినీరింగ్ చదివిన కొడుక్కి ఆ ఊహే రాలేదు.

జరిగింది ఇదీ. షుగర్ బాగా పెరిగితే మూత్రం ఎక్కువగా పోతుంది. దాంతోపాటు ఒంట్లో నీరు, లవణాలు పోతాయి. ఏళ్ల తరబడి అలాగే ఉంటే కాళ్ల నరాలు దెబ్బతింటాయి. అరికాళ్ల మంటలు, తిమ్మిర్లు, పిక్కలు పట్టేయడం అలా వస్తాయి. దానిమీద నేను గ్లూకోజ్ పోశా.

అలాగని పిక్క పట్టిన ప్రతివాళ్లకూ షుగర్ ఉన్నట్టు కాదు. చాలామందిలో ఫలానా కారణమని తేలదు కూడా. పడుకున్నప్పుడు పాదం కిందికి వాలి, పిక్క కండరం అప్పటికే ముడుచుకుని ఉంటుంది. నరం కాస్త గట్టిగా సంకేతం పంపితే చాలు, బిగుసుకుపోతుంది. రోజంతా కూర్చోవడం, రోజంతా నిలబడటం, అలవాటు లేని వ్యాయామం, చెమట, గర్భం, పెద్ద వయసు... ఇవన్నీ దానికి దారి తీసేవే. థైరాయిడ్, కిడ్నీ, లివర్ జబ్బులుంటే కూడా వస్తుంది. బీపీకి ఇచ్చే మూత్రం మాత్రలు, కొలెస్ట్రాల్ మాత్రల వల్లా కొందరికి వస్తుంది. అయితే వాటిని సొంతంగా ఆపొద్దు, డాక్టర్‌కి చెప్పండి.

పట్టేసిన క్షణంలో ఏం చేయాలి? మోకాలు చాపి, కాలివేళ్లను మీ వైపుకు లాగండి. లేదా లేచి నిలబడి మడమను నేలకు నొక్కండి. కండరం సాగితేనే పట్టు వదులుతుంది. పిసకడం ఆ తర్వాత.

మళ్లీ రాకుండా? గోడకు రెండు చేతులు ఆనించి, ఒక కాలు వెనక్కి పెట్టి, మడమ ఎత్తకుండా ముందుకు వంగండి. ఇరవై, ముప్ఫై సెకన్లు, ఒక్కో కాలికి మూడుసార్లు, పడుకునే ముందు. 2012లో నెదర్లాండ్స్‌లో 55 దాటిన 80 మందితో ఆరు వారాలు పరీక్షించారు. రోజూ పడుకునే ముందు పిక్కలు, తొడల వెనక కండరాలు సాగదీసిన వాళ్లకు ఇబ్బంది తగ్గింది.

మెగ్నీషియం బిళ్లల వల్ల పెద్దవాళ్లకు చెప్పుకోదగ్గ లాభం లేదని 2020లో కాక్రేన్ సమీక్ష తేల్చింది. మలేరియా మందు క్వినైన్‌ని ఒకప్పుడు దీనికి తెగ వాడేవారు. రక్తానికి, గుండెకు ప్రమాదమని 2006లోనే అమెరికా ఔషధ సంస్థ వద్దని హెచ్చరించింది. అరటిపండు మంచిదే. కానీ కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లకు పొటాషియం ఎక్కువైతే గుండెకే ముప్పు.

ఒకే కాలు వాచి, వేడిగా, ఎర్రగా ఉంటే రక్తం గడ్డ కావచ్చు. ఆ రోజే ఆస్పత్రికి వెళ్లాలి. కొంచెం దూరం నడిస్తే పిక్క నొప్పి వచ్చి, ఆగితే తగ్గుతుంటే రక్తనాళాలు చూపించుకోవాలి.

బాపు ఇప్పుడు షుగర్ మాత్రలు వేసుకుంటున్నాడు. రాత్రి పడుకునే ముందు గోడను నెడుతుంటే అమ్మ నవ్వుతుంది. పట్టేయడం పూర్తిగా పోలేదు, పోయిన నెల రెండుసార్లు వచ్చింది. మిగిలిన గ్లూకోజ్ డబ్బా మాత్రం ఇంకా వంటింట్లోనే ఉంది. పారేయడానికి అమ్మకు మనసొప్పట్లేదు.

ఈ రాత్రి ఇంటికి ఫోన్ చేసినప్పుడు "తిన్నావా?" తర్వాత ఇంకొకటి అడగండి. "రాత్రి ఎన్నిసార్లు లేస్తున్నావ్?" అని. 30 దాటిన వాళ్లకు ప్రభుత్వ ఆరోగ్య కేంద్రంలో షుగర్, బీపీ పరీక్షలు ఉచితం. ముందు అవి చేయించండి. అరటిపండ్ల ఆర్డర్ ఆ తర్వాత పెట్టుకోవచ్చు.