నలుపే కాపు కాదు



మొన్నటి వేసవిలో మా విద్యార్థులను వెంటబెట్టుకొని ఛత్రపురము చెంతనున్న తంపరా సరస్సునకు విహారయాత్ర పోయితిమి. పడవ నడినీటిలో నుండగా తొమ్మిదవ తరగతి బాలుడొకడు నీటిని తాకవలెనని వంగెను. వాని నల్ల కళ్ళజోడు జారి బుడుంగున మునిగిపోయెను. మేము "అయ్యో" అంటిమి. వాడు మాత్రము నవ్వి, "వంద రూపాయలదే కదండీ మాస్టారూ! ఇంకొకటి కొనుక్కుంటాను" అనెను.

ఆ మాట మమ్ము చాల దినములు వదలలేదు. అందులో రెండు పొరపాట్లున్నవి. ఆ కళ్ళజోడు తన కన్నులను కాపాడినదనుకొనుట మొదటిది. నీట మునిగిన వస్తువు లోకమునుండియే పోయినదనుకొనుట రెండవది. ఈ రెండును ఆ బాలుని పొరపాట్లు మాత్రమే కావు, మనలో చాలమందివి. కనుకనే ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

ముందుగా కన్నుల సంగతి. సూర్యకాంతిలో కంటికి కానరాని అతినీలలోహిత కిరణములు కలవు. అవి ఏండ్ల తరబడి సోకినచో కంటిలో శుక్లములు ఏర్పడుటకు, తెల్లగ్రుడ్డుపై కండ పెరుగుటకు తోడ్పడును. గోపాలపూరు మొదలుగా గంజాము తీరమున తరతరములుగా వేటకు పోవు మన తెలుగు కుటుంబములకు ఎండ, గాలి, ఉప్పునీరు నిత్యసహచరులు. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పు లెక్క ప్రకారము, పొడి ఇసుక ఈ కిరణములలో నూటికి 15 పాళ్ళను, సముద్రపు నురుగు 25 పాళ్ళను తిరుగగొట్టును. అనగా కిరణములు పైనుండియే గాక క్రిందినుండియు కంటిని చేరును. తలపై టోపీ మేలే గాని, నీటిపై అదొక్కటియే చాలదు.

"అద్దము ఎంత నల్లనైన అంత మంచిది" అను నమ్మకము మనలో పాతుకొని యున్నది. మేమును ఒకనాడు అట్లే నమ్మితిమి. పొరుగు రాష్ట్రమున ఉపాధ్యాయ శిక్షణ పొందుచున్న రోజులలో, విశాఖపట్టణపు సముద్రతీరమున ఒక బండివానివద్ద అన్నిటికంటె నల్లని జత నేరి కొంటిమి. అది వేనిని ఆపునో, వేనిని విడుచునో అడుగవలెనన్న ఊహయే మాకు కలుగలేదు. వెలుగు తగ్గినప్పుడు కంటిపాప విచ్చుకొనును. అద్దము వెలుగును మాత్రమే తగ్గించి అతినీలలోహిత కిరణములను ఆపనిచో, విచ్చుకొన్న ఆ వాకిలినుండి అవి సుఖముగా లోనికి ప్రవేశించును. అట్టి అద్దము కాపలావానిని నిద్రపుచ్చి తలుపు తెరచియుంచిన ఇంటి వంటిది.

మరి ఏమి చూచి కొనవలెను? "యు.వి. 400" అను గుర్తును చూడవలెను. 400 నానోమీటర్ల తరంగదైర్ఘ్యము వరకు గల కిరణములను ఆ అద్దము ఆపునని దాని అర్థము. నలుపును తెలుపుటకు 0 మొదలు 4 వరకు అంకెలు వేరుగా నుండును. 3వ తరగతి అద్దము వెలుగులో నూటికి 8 నుండి 18 పాళ్ళను మాత్రమే విడుచును. నిత్యపు ఎండకును, నీటి ఒడ్డునకును అది చాలును. 4వ తరగతి అంతకంటె నల్లనిది. దానిని పెట్టుకొని వాహనము నడుపరాదు. గుర్తును కూడ గ్రుడ్డిగా నమ్మవద్దు. పరీక్షించు చిన్న యంత్రము కొన్ని కళ్ళజోళ్ళ దుకాణములలో నుండును; అడిగి చూపించుకొనుడు. మన పిల్లలు తెలుగు, ఒడియా, ఆంగ్లము మూడింటిని చదువుచున్నారు. ఆ చదువు పరీక్ష కాగితమునకే గాక, కొను వస్తువుమీది చిన్న అక్షరములకును ఉపయోగపడవలదా?

నీటి ఆటలకు పోవువారికి మరికొన్ని సంగతులు. నీటిపైబడి తిరిగి వచ్చు మిరుమిట్ల వెలుగు చాలవరకు అడ్డముగా కంపించును. "పోలరైజ్డ్" అద్దము దానిని అడ్డగించును. అందుచేత నీటి అడుగునున్న రాయియు, తేలివచ్చు కొయ్యయు కానవచ్చును. కంప్యూటరు తెర యెదుట అద్దమును మెల్లగా త్రిప్పినచో, ఒకచోట తెర నల్లబడుట సాధారణముగా దీనికి ఆనవాలు. కాని మిరుమిట్లు ఆపుట వేరు, అతినీలలోహిత కిరణములను ఆపుట వేరు. రెండును ఉన్నవో లేవో చూడవలెను. పడవపై గాజు అద్దము పనికిరాదు. పగిలినచో కంటికే ముప్పు. దెబ్బకు ఓర్చు పాలికార్బొనేటు అద్దము మేలు. వీనితో ఈదరాదు, ఈతకు వేరు కళ్ళద్దములున్నవి.

ఇక రెండవ పొరపాటు. తంపరాలో మునిగిన ఆ కళ్ళజోడు కుళ్ళదు. ప్లాస్టిక్కు కాలక్రమమున ముక్కలై, నలుసులై నీటిలోనే మిగులును. సముద్రపు తాబేళ్ళు ప్లాస్టిక్కును ఆహారమని భ్రమించి మ్రింగుచున్నవి. ఋషికుల్యా ముఖమున గుంపులుగా ఒడ్డుకు వచ్చి గ్రుడ్లు పెట్టు ఆలివ్ రిడ్లే తాబేళ్ళు మన పొరుగువారే గదా!

"ప్రకృతికి మేలుచేయు కళ్ళజోళ్ళు" అను పేర నేడు పలురకములు వచ్చుచున్నవి. పాత చేపల వలల నైలానుతో చేసినవి కొన్ని, ఆముదపు నూనెనుండి తీసిన నైలానుతో చేసినవి కొన్ని, వెదురుతో చేసినవి కొన్ని. సముద్రమున బడి చేపలను, తాబేళ్ళను చంపవలసిన వల కళ్ళజోడగుట సంతోషమే. అయినను ఆముదపు నైలాను గూడ నేలలో కలిసిపోదు. వెదురు చట్రమునకును అద్దము ప్లాస్టిక్కే. కనుక మా అభిప్రాయమిది: పేరునుబట్టి ఏదియు మేలైనది కాదు, పదియేండ్లు నిలిచినదే మేలైనది. మర విప్పి బిగింపదగిన చట్రము, మార్చుకొనదగిన అద్దము ఎంచుకొనుడు. మంచి చట్రము ఇంటిలో నున్నచో క్రొత్తది కొనక, దానికే తగిన అద్దము వేయించుడు. వలకు బెండు కట్టినట్లు కళ్ళజోటికి త్రాడును, చిన్న బెండును కట్టుడు. ఉప్పునీరు తగిలిన పిమ్మట మంచినీటితో కడుగుడు. ఇసుకతో నున్నప్పుడు చీర చెరగుతో తుడిచినచో గీతలు పడును.

ఇట్లు చెప్పగా ఒక తల్లి మమ్మడిగినది: "వేటకెళ్ళే మనిషికి నల్లద్దాలేమిటి మాస్టారూ? సినిమా వేషమా?" ఆ ప్రశ్నయే ఈ వ్యాసమునకు మూలము. రెండు గంటల విహారమునకు పోవు కుమారునికి కళ్ళజోడు సొగసుగా అమరినది; దినమెల్ల నీటిపై నుండు తండ్రికి అది వేషమైనది! ఇంటిలో ఒక్క జతకే శక్తి యున్నచో, అది ముందుగా తండ్రికి దక్కవలెను. పిల్లల కన్నులు మరింత సుకుమారమైనవి, నిజమే. కాని వారు మధ్యాహ్నపుటెండను తప్పించుకొనగలరు, వెడల్పంచు టోపీ పెట్టుకొనగలరు, నీడలో ఆడుకొనగలరు. వేటకు పోవువానికి సముద్రము మీద నీడ ఎక్కడిది?

విద్యార్థులారా! ఈ సాయంకాలము మీ యింటనున్న నల్ల కళ్ళజోటిని తీసి చూడుడు. దానిమీద ఏమి వ్రాసియున్నదో పెద్దలకు చదివి వినిపింపుడు. ఏమియు వ్రాసియుండనిచో, దానిని ధరించి నీటికి పోవలదు. తంపరాలో తన జతను పోగొట్టుకొన్న బాలునికి కూడ మేము ఇదియే చెప్పితిమి. వాడిప్పుడు రెండవ జతకై గాక, తండ్రి జతకై డబ్బు కూడబెట్టుచున్నాడు.