తంగేడును నర్సరీకి తెద్దాం

బతుకమ్మ పండుగకు పూలు ఏరడానికి పోయేవాళ్లకు ఒకప్పుడు ఊరి చెలకలు దాటే పని ఉండేది కాదు. ఇప్పుడు బండి తీసుకొని గుట్టల దాకా పోతున్నారు. చెలకలు ప్లాట్లయ్యాయి, బంచరాయి చదునైంది. హైదరాబాద్ మార్కెట్లలో తంగేడు, గునుగు కట్టలు కట్టి అమ్ముతున్నారు.

2014లో తంగేడును తెలంగాణ రాష్ట్ర పుష్పంగా ప్రకటించారు. గౌరవం దక్కింది గానీ, పెంపకం ఎవరి పనీ కాలేదు. మరుసటి ఏడాది సర్కారు మొక్కలు నాటే హరితహారం మొదలైంది. రోడ్ల వెంట విదేశీ కోనోకార్పస్ బారులు తీరింది. తర్వాత దాన్ని నాటొద్దని సర్కారే చెప్పింది. ఆ చోటు తంగేడుకు ఇవ్వాలన్నదే ఈ కరపత్రం కోరేది.

ఈ నేలకు కొత్త మొక్క కాదిది. రాళ్లూ గరుకు నేలా అయినా నిలుస్తుంది, వానలు తప్పినా తట్టుకుంటుంది. పశువులు దీన్ని అంతగా ముట్టవు. నాటిన మొక్కకు కంచె కట్టలేక అవస్థపడే పంచాయతీకి ఇంతకన్నా ఏం కావాలి? మనిషెత్తుకు కాస్త అటూ ఇటూగా ఆగిపోతుంది కాబట్టి కరెంటు తీగలకు అడ్డం రాదు. దీని రొట్టను రైతులు వరి మడిలో తొక్కేవారు. బెరడులోని టానిన్‌తో దక్షిణాది తోళ్ల పరిశ్రమ చాన్నాళ్లు నడిచింది. దక్షిణాఫ్రికా వాటిల్ బెరడు దిగుమతయ్యాక ఆ గిరాకీ తగ్గింది. పువ్వులో తేనె ఉండదు. తుమ్మెదలు పుప్పొడి కోసమే వస్తాయి, పువ్వును పట్టుకొని రెక్కల కండరాలతో ఝుమ్మని అదిరిస్తేనే పుప్పొడి రాలుతుంది. తంగేడు పొద దగ్గర కాసేపు నిలబడితే ఆ మోత వినిపిస్తుంది.

పెంచడమూ కష్టం కాదు. పూత అయ్యాక కాయలు ఎండి, కాగితంలా పలచబడతాయి. అప్పుడు ఏరి గింజలు తీయాలి. గింజ పెంకు గట్టిది, అట్లాగే వేస్తే చాలావరకు మొలవదు. గరుకు ఇసుకలో రుద్ది గానీ, వేడినీళ్లు పోసి రాత్రంతా నానబెట్టి గానీ విత్తాలి. తల్లివేరు లోతుకు దిగుతుంది కాబట్టి మొక్క సంచిలో ముదరకముందే, తొలకరి పడగానే నాటేయాలి. ఏకంగా గుంతలో గింజలు వేసినా నష్టం లేదు. గుట్టమీది ముదురు పొదను పెకిలించి తేవడం మాత్రం వద్దు, అది బతకడం అరుదు.

పండుగనాడు తాంబాలంలో గుమ్మడాకులు పరిచి తంగేడు వరుస పేర్చే అక్కచెల్లెళ్లకు ఒక మనవి. పూలు కోయండి, కొమ్మలు విరవకండి. ప్రతి పొద మీదా కొన్ని గుత్తులు వదలండి. అన్నీ కోస్తే కాయ ఉండదు, కాయ లేకపోతే వచ్చే తరానికి గింజ ఉండదు.

ఇక సర్పంచులూ కార్యదర్శులూ వినాలి. ప్రతి గ్రామ నర్సరీలో ఒక మడి తంగేడుకు కేటాయించండి. చెరువు కట్ట, బడి ఆవరణ, రోడ్డు అంచు, బతుకమ్మ ఆడే చోటు చుట్టూ నాటించండి. వచ్చే గ్రామసభలోనే తీర్మానం పెట్టించండి. ఎండుకాయలు ఏరే పని ఊరివాళ్లు ఈసారే మొదలుపెట్టాలి.