సీ భాష వదిలేసింది, పాఠం వదలడం లేదు

ఇంజినీరింగ్ మొదటి ఏడాదిలో సీ భాష నేర్చుకునేవారు రాసే తొలి ప్రోగ్రాముల్లో ఒకటి పేరు అడిగి, దాన్ని తెరపై చూపించడం. ఆ పేరు చదవడానికి కొన్ని ల్యాబుల్లో ఇప్పటికీ ‘గెట్స్’ ఫంక్షన్‌నే వాడిస్తున్నారు. 2011 నాటి సీ ప్రమాణం దాన్ని పూర్తిగా తొలగించింది. పాఠం కూడా మారాలి.

సీలో స్ట్రింగ్ అంటే వరుసగా ఉండే బైట్లు, చివర ఒక సున్నా బైటు. తనకు కేటాయించిన చోటు ఎంతో స్ట్రింగ్‌కు తెలియదు. పది బైట్ల చోటులో ఇరవై బైట్లు నింపితే మిగతావి పక్కనున్న సమాచారాన్ని చెరిపేస్తాయి. 1988 నవంబరులో ఇంటర్నెట్‌ను కుదిపేసిన మారిస్ వార్మ్ ఈ లోపాన్నీ వాడుకుంది. ‘ఫింగర్’ సేవలో గెట్స్ నింపే 512 బైట్ల బఫర్‌ను పొంగించి కంప్యూటర్లలోకి చొరబడింది.

స్ట్రింగ్‌ను మార్చడంలో మరో చిక్కుంది. కొటేషన్ గుర్తుల మధ్య రాసిన స్ట్రింగ్‌ను పాయింటర్‌తో పట్టుకుని అందులో అక్షరం మార్చకూడదు. మారిస్తే ఏమవుతుందో ప్రమాణం హామీ ఇవ్వదు. మెమరీ రక్షణ లేని డాస్ కాలపు టర్బో సీలో అది పనిచేసినట్టే కనిపిస్తుంది. నేటి లైనక్స్‌లో మాత్రం ప్రోగ్రాం సాధారణంగా అక్కడికక్కడే కూలిపోతుంది. మార్చాలంటే ముందు ఆ స్ట్రింగ్‌ను అరేలోకి తీసుకోవాలి.

తెలుగు విషయంలో జాగ్రత్త ఇంకా అవసరం. ‘తెలుగు’ అన్న మాట కంటికి మూడు అక్షరాలే. యూటీఎఫ్-8లో మాత్రం 18 బైట్లు, చివరి సున్నాతో కలిపి 19. బైట్లు లెక్కపెట్టి ఎక్కడపడితే అక్కడ కోస్తే గుణింతం ఊడిపోతుంది, లేదా అక్షరమే చెడిపోతుంది.

కొత్తవారికి ఇవన్నీ బరువని కొందరి వాదన. నిజానికి అదనంగా రాయాల్సింది ఒక్క సంఖ్య, బఫర్ పరిమాణం. ‘ఎఫ్‌గెట్స్’, ‘ఎస్ఎన్‌ప్రింట్‌ఎఫ్’ దాన్ని అడుగుతాయి. రెండోది మొత్తం ఎంత పొడవు కావాలో కూడా తిరిగి చెబుతుంది కాబట్టి, స్ట్రింగ్ తెగిందో లేదో పోల్చి చూసుకోవచ్చు. అలాగని పరిమాణం అడిగే ప్రతి ఫంక్షనూ క్షేమం కాదు. చోటు సరిపోకపోతే ‘స్ట్ర్ఎన్‌కాపీ’ చివరి సున్నా పెట్టదు.

సీ వదిలేసి వేరే భాష నేర్పితే సరిపోదా అంటారు. లైనక్స్ కెర్నల్ నుంచి చిన్న మైక్రోకంట్రోలర్ల దాకా ఎంతో కోడ్ సీలోనే ఉంది. దాన్ని సరిదిద్దేవారు కావాలి. అందుకే ‘ఇందులో ఎంత చోటుంది?’ అన్న ప్రశ్న ల్యాబ్ మాన్యువల్ మొదటి పేజీలో ఉండాలి. ఆ ప్రశ్న వేసుకున్న విద్యార్థికే పరీక్షలో మార్కులు పడాలి.