కూర్చునే హక్కు

పెళ్లి పట్టుచీరలకని నెల్లూరు నుంచో తిరుపతి నుంచో చెన్నై బయల్దేరే కుటుంబాలు చివరికి తేలేది టి. నగర్‌లోనే. పానగల్ పార్కు చుట్టుపక్కల కొట్లలో మన మాట చెవిన పడగానే ‘రండక్కా’ అంటూ తెలుగులో పిలిచేవాళ్లుంటారు. మనం కూర్చుంటాం. ఎదురుగా అమ్మాయి నిలబడి చీర విప్పుతుంది, కొంగు పరిచి చూపిస్తుంది, మడతపెట్టి ఇంకోటి తీస్తుంది. నలభై చీరలు చూసి, ‘మళ్లీ వస్తాం’ అని లేచిపోతాం. ఆ నలభై మడతలూ సర్దేది ఆమే, అదీ నిలబడే.

ఇదే టి. నగర్‌లోని రంగనాథన్ వీధి కొట్లలో పనిచేసే కుర్రకారు బతుకు మీద వసంతబాలన్ 2010లో ‘అంగాడి తెరు’ తీశారు. మన రాజోలు అమ్మాయి అంజలి కథానాయిక. తెలుగులో ‘షాపింగ్ మాల్’గా వచ్చింది. కేరళలో కోళికోడ్ మిఠాయి వీధి కొట్లలో పనిచేసే ఆడవాళ్లు, విజి అనే ఆమె ముందుండగా, కూర్చునే హక్కు కోసం ఏళ్ల తరబడి అడిగితే, 2018లో అక్కడి చట్టం మారింది. 2021లో తమిళనాడు కూడా 1947 నాటి దుకాణాల చట్టాన్ని సవరించి, పనిలో వీలు దొరికినప్పుడు సిబ్బంది కూర్చునేందుకు ఏర్పాటు ఉండాలంది.

అయితే వీలు దొరికిందో లేదో తేల్చేదెవరు? స్టూలు వేయించడం వరకే చట్టం పని. సూపర్‌వైజర్ కళ్లెర్రజేస్తే ఆ స్టూలు మీద చీరల అట్టపెట్టెలే కూర్చుంటాయి. కూర్చున్న అమ్మాయిని చూసి మొహం చిట్లించే కొనుగోలుదారుల్లో మనమూ ఉన్నాం, ఆ సంగతి వేరే. ‘బేరం లేనప్పుడు కూర్చో, నన్నడగక్కర్లేదు’ అని యజమాని నలుగురి ముందూ చెప్పిన చోటే ఆమె ధైర్యంగా కూర్చుంటుంది.

చీర మార్చివ్వడం, కాస్త తగ్గించివ్వడం లాంటివీ అంతే, యజమాని ముందే చెబితే తప్ప ఆమె సొంతంగా తేల్చలేదు. చాలా కొట్లలో ప్రతిదానికీ ‘పైన అడిగి చెప్తాను’ అనాల్సిందే. దీనికి విరుగుడుగా ‘అంతా మీ ఇష్టం’ అని చేతులు దులుపుకునే యజమానులూ ఉంటారు. చూడ్డానికి ఉదారమే. దీపావళి రద్దీలో బిల్లు లేని చీర ఒకటి మార్చిచ్చి, రాత్రి లెక్క తేలకపోతే, కోత మాత్రం ఆమె జీతంలో పడుతుంది. పెత్తనం ఇచ్చినట్టే ఇచ్చి, నష్టాన్ని ఆమె నెత్తిన రుద్దడం ఇది. ఎంతవరకు సొంతంగా తేల్చొచ్చో, ఎక్కడ అడగాలో పనిలో చేరిన రోజే చెప్పాలి. ఆ హద్దులో జరిగిన పొరపాటును కొట్టు ఖాతాలో రాసుకోవాలి. పండగ రద్దీలో అంతస్తుకొక పెద్ద దిక్కు కనపడేచోట ఉండాలి. స్టూలుకయ్యే ఖర్చుకు ఒక పట్టుచీర మీద మిగిలేది సరిపోతుంది. సొంతంగా తేల్చే వీలు ఇవ్వాలంటే మాత్రం యజమాని అప్పుడప్పుడూ ఒకటీ అరా చీర నష్టపోక తప్పదు.