అండమాన్ కారుకు రేసు బ్రేకులు ఎందుకు?

బ్రేక్ ప్యాడ్లు అరిగాయని మెకానిక్ చెప్పగానే, వేగం ఇష్టపడే కారు యజమాని మనసు ఒకే వైపు పోతుంది. మళ్లీ కంపెనీ ప్యాడ్లే ఎందుకు, ఈసారి ఇంకాస్త గట్టివి వేయిద్దాం అనుకుంటాడు. ఆక్టేవియా ఆర్‌ఎస్, ఐ20 ఎన్ లైన్ లాంటి కార్లున్నవారికి రంధ్రాలు పెట్టిన డిస్కులు, రేసు ట్రాక్ పేరు చెప్పుకునే ప్యాడ్లు ఇప్పుడు ఇంట్లో కూర్చునే తెప్పించుకోవచ్చు. వాటి ప్రకటనల్లో ముందుగా కనిపించేది ఉష్ణోగ్రత. ఇన్ని వందల డిగ్రీల దాకా తట్టుకుంటుంది అంటారు. ఆ అంకె ఎంత పెద్దదైతే బ్రేకు అంత మంచిదని మనం నమ్మేస్తాం.

అండమాన్ నికోబార్ దీవుల్లో తిరిగే కారుకు ఆ అంకెతో పెద్దగా పని లేదన్నది నా వాదన. అక్కడ బ్రేకును తినేసేది ఉప్పు గాలి. ఉప్పు గాలికి ఆ బ్రేకు ఎంతకాలం తట్టుకుంటుందో మాత్రం పెట్టె మీద సాధారణంగా ఉండదు. 2011 జనగణన ప్రకారం ఆ దీవుల్లో బెంగాలీ, హిందీ, తమిళం తర్వాత ఎక్కువమంది మాతృభాష తెలుగే. వారిలో ఎన్నో కుటుంబాలు ఉత్తరాంధ్ర తీరం నుంచి వెళ్లినవి. కాబట్టి ఇది మనవాళ్ల సమస్య కూడా. విశాఖ బీచ్ రోడ్డులోనో కాకినాడలోనో కారు నిలిపేవారికీ కొంత వర్తిస్తుంది.

వేడి లెక్క

బ్రేకు చేసే పని ఒక్కటే, కారు గతిశక్తిని వేడిగా మార్చడం. గతిశక్తి వేగం వర్గానికి అనులోమానుపాతంలో పెరుగుతుందని పదో తరగతి పిల్లలకు తెలుసు. 1,200 కిలోల కారు గంటకు 40 కిలోమీటర్ల వేగంతో వెళ్తుంటే దానిలో ఉన్న శక్తి సుమారు 74 కిలోజౌళ్లు. 100 కిలోమీటర్ల దగ్గర 463 కిలోజౌళ్లు. 200 దగ్గర 1,850 కిలోజౌళ్లు. వేగం ఐదు రెట్లయితే శక్తి 25 రెట్లు.

ఇందులో 70 శాతం ముందు చక్రాల డిస్కుల్లోకి పోతుందనీ, ఒక్కో డిస్కు ఐదు కిలోల పోత ఇనుమనీ అనుకుందాం. 200 కిలోమీటర్ల వేగం నుంచి ఒక్కసారి ఆగితే డిస్కు సగటున 280 డిగ్రీలు వేడెక్కుతుంది. రేసు ట్రాక్ మీద ప్రతి మలుపు దగ్గరా ఇలాంటిదే జరుగుతుంది కాబట్టి అక్కడ వందల డిగ్రీలు తట్టుకునే ప్యాడ్లు తప్పనిసరి. అదే 40 కిలోమీటర్ల నుంచి ఆగితే పెరిగేది 11 డిగ్రీలు. 30 డిగ్రీల వాతావరణంలో డిస్కు 41 డిగ్రీలకు చేరుతుంది, అంతే.

40 అనే అంకెను ఊరికే తీసుకోలేదు. శ్రీ విజయపురం నుంచి, అంటే 2024 సెప్టెంబరు దాకా మనం పోర్ట్ బ్లెయిర్ అన్న ఊరి నుంచి, ఉత్తరాన డిగ్లీపూర్ దాకా వెళ్లే అండమాన్ ట్రంక్ రోడ్డు జిర్కాటాంగ్ దగ్గర జారవా ఆదివాసుల అభయారణ్యంలోకి ప్రవేశిస్తుంది. అక్కడి నుంచి మిడిల్ స్ట్రెయిట్ దాకా దాదాపు 50 కిలోమీటర్లు వాహనాలన్నీ ఒకే కాన్వాయ్‌గా కదలాలి. వేగం 40 దాటకూడదు, ముందు బండిని దాటకూడదు. అది సరైన నిబంధన, ఉండాల్సిన నిబంధన. మిగతా చోట్ల కూడా ఎత్తుపల్లాలు, మలుపులు, వాన. ఎంత వేగవంతమైన కారైనా ఈ దీవుల్లో 200 అందుకునే దారి లేదు.

కొన్ని రేసు ప్యాడ్లు సరిగ్గా పట్టడం మొదలుపెట్టేదే 200 డిగ్రీలు దాటాక. 41 డిగ్రీల డిస్కు మీద అవి కంపెనీ ప్యాడ్ల కంటే తక్కువగా పట్టవచ్చు. అబర్డీన్ బజారులో పిల్లాడు అడ్డం వచ్చినప్పుడు కావాల్సింది మొదటి క్షణంలో పట్టే బ్రేకు. పదోసారి నొక్కినప్పటి పట్టు అప్పుడు ఎవరికీ అక్కరకు రాదు.

ఇక్కడ ఒక చిక్కుంది. చాలా ప్యాడ్ల అంచున ‘ఈఈ’, ‘ఎఫ్ఎఫ్’, ‘జీజీ’ వంటి రెండు అక్షరాలు ఉంటాయి. అమెరికా ఇంజనీర్ల సంఘం ఎస్ఏఈ పెట్టిన గుర్తులివి. ‘ఈ’ అంటే ఘర్షణ గుణకం 0.25 నుంచి 0.35, ‘ఎఫ్’ అంటే 0.35 నుంచి 0.45, ‘జీ’ అంటే 0.45 నుంచి 0.55. మొదటి అక్షరం మామూలు స్థితికి, రెండోది బాగా వేడెక్కిన స్థితికి. అయితే ఆ ‘మామూలు’ అక్షరానికి లెక్కలోకి తీసుకునే కొలతలు మొదలయ్యేదే 93 డిగ్రీల సెల్సియస్ దగ్గర. మన కారు తిరిగే 40 డిగ్రీల దగ్గర ఆ ప్యాడ్ ఎలా పడుతుందో మొదటి అక్షరమూ చెప్పదు, రెండోదీ చెప్పదు.

దిగుడు దారిలో ఒక మినహాయింపు

వేడి అసలే లేదనడం కూడా తప్పు. శ్రీ విజయపురానికి ఎదురుగా ఉన్న మౌంట్ హారియట్ కొండ, ఇప్పటి పేరు మౌంట్ మణిపూర్, 350 మీటర్లకు పైగా ఎత్తు. ఆ ఎత్తు నుంచి 1,200 కిలోల కారు దిగితే వదిలించుకోవాల్సిన శక్తి దాదాపు 4,100 కిలోజౌళ్లు. 200 వేగం నుంచి రెండుసార్లు ఆగినదానికన్నా ఎక్కువ. న్యూట్రల్‌లో పెట్టి పెడల్ మీద కాలు వేసి దిగితే బ్రేకులు నిజంగానే కాగిపోతాయి. రెండో గేరులో దిగితే ఆ భారంలో పెద్ద వాటాను ఇంజనే మోస్తుంది.

అలా కాగినప్పుడు ముందుగా చేతులెత్తేసేది తరచుగా బ్రేక్ ఆయిలే. ఆ ద్రవానికి గాలిలోని తేమను పీల్చుకునే గుణం ఉంది. కొత్త డాట్ 4 ఆయిల్ కనీసం 230 డిగ్రీల దాకా మరగకూడదన్నది ప్రమాణం. సుమారు 3.7 శాతం నీరు చేరాక అదే ప్రమాణం 155 డిగ్రీలకు పడిపోతుంది. ఆయిల్ మరిగి ఆవిరి బుడగలు ఏర్పడితే, ఆవిరి నొక్కుకుపోతుంది కాబట్టి పెడల్ నేలకు తగులుతుంది, కారు ఆగదు. తేమ ఎప్పుడూ ఎక్కువగా ఉండే దీవుల్లో ఏడాదికో, కంపెనీ చెప్పిన గడువు కంటే ముందుగానో ఆయిల్ మార్పించడం ఖరీదైన డిస్కుల కన్నా ఎక్కువ భద్రతనిస్తుందని నా నమ్మకం.

ఉప్పు చేసే పని

అండమాన్‌లో ఏటా దాదాపు 3,000 మిల్లీమీటర్ల వాన పడుతుంది. కానీ డిస్కు తడవడానికి వాన రానక్కర్లేదు. అలల తుంపర్ల నుంచి గాలిలో తేలే ఉప్పు కణాలు లోహం మీద పేరుకుంటాయి. గాలిలో సాపేక్ష ఆర్ద్రత 75 శాతం దాటితే మామూలు ఉప్పు తేమను పీల్చుకుని తనంతట తానే ద్రావణమైపోతుంది. సముద్రపు ఉప్పులో మెగ్నీషియం క్లోరైడ్ కూడా ఉంటుంది కాబట్టి అంతకన్నా తక్కువ తేమలోనే చెమ్మ పడుతుంది. దీవుల్లో ఆర్ద్రత ఎక్కువ రోజులు ఆ గీతకు పైనే ఉంటుంది. అంటే షెడ్డులో నిలిపిన కారు డిస్కు కూడా పలుచని ఉప్పు నీటి పొరలో ఉన్నట్టే లెక్క. క్లోరైడ్ అయాన్లు ఉన్నచోట ఇనుము తుప్పు పట్టే వేగం బాగా పెరుగుతుంది.

పొద్దున్నే డిస్కు మీద కనిపించే ఎర్రటి పొరకు భయపడక్కర్లేదు. నాలుగుసార్లు బ్రేకు వేస్తే పోతుంది. అసలు నష్టం కంటికి ఆనని చోట జరుగుతుంది. డిస్కు లోపలి గాలి దారులు మూసుకుపోతాయి. క్యాలిపర్ జారాల్సిన పిన్నులు బిగుసుకుని ఒక ప్యాడే అరుగుతుంది. ప్యాడ్ వెనక ఉన్న ఉక్కు పలక తుప్పు పట్టి ఉబ్బితే దానికి అతికించిన రాపిడి పదార్థం పెచ్చులా ఊడుతుంది. యజమాని నెల రోజులు మెయిన్‌లాండ్‌కు వెళ్లి వస్తే, ప్యాడ్ ఆనిన చోట డిస్కు మీద మచ్చ పడి పెడల్ వణకడం మొదలవుతుంది.

ఏది కొనాలి?

డిస్కుల సంగతి ముందు. రంధ్రాల డిస్కులు దీవులకు వద్దంటాను. పాత కాలపు ప్యాడ్లు కాగినప్పుడు వదిలే వాయువులు బయటికి పోవడానికి ఆ రంధ్రాలు పెట్టేవారు. ఇప్పటి ప్యాడ్లకు ఆ అవసరం చాలావరకు లేదు. రంధ్రాల్లో ఉప్పు, బురద చేరతాయి. వాటి అంచుల నుంచే పగుళ్లు మొదలవుతాయి. నునుపుగా ఉండి, మధ్య భాగానికీ గాలి దారులకూ జింక్ పూత ఉన్న డిస్కు చాలు. ప్యాడ్ రాసుకునే చోట పూత మొదటి రోజుల్లోనే పోతుంది, మిగతా చోట్ల నిలవడమే ముఖ్యం. ఇంకో మెట్టు పైకి వెళ్లాలంటే ఉపరితలంలోకి నైట్రోజన్, కార్బన్ చొప్పించి గట్టిపరిచిన డిస్కులున్నాయి. శీతాకాలంలో రోడ్ల మీద ఉప్పు చల్లే అమెరికాలో జనరల్ మోటార్స్ ఈ పద్ధతినే ఎంచుకుంది. కార్బన్ సిరామిక్ డిస్కులు తుప్పు పట్టవు, నిజమే. కానీ వాటి ధర భరించేది ట్రాక్ వేడి కోసం. 11 డిగ్రీల కోసం అంత పెట్టడం వృథా.

ప్యాడ్ల ఎంపిక కారు వాడకాన్ని బట్టి ఉండాలి. రోజూ తిరిగే కారుకు ఉక్కు నార లేని సేంద్రియ లేదా సిరామిక్ రకం ప్యాడ్లు బాగుంటాయి. చల్లగా ఉన్నప్పుడే పడతాయి, డిస్కును తక్కువ అరగదీస్తాయి. వారానికోసారి బయటికి తీసే కారుకు కొద్దిగా ఉక్కు నార కలిసిన ప్యాడ్లు మేలు. వాటి గరుకుదనం డిస్కు మీది తుప్పును గీకేస్తుంది. దుమ్ము కాస్త ఎక్కువ రాలుతుంది, అది ఒప్పుకోవాలి. ఉక్కు పాలు బాగా ఎక్కువున్న ప్యాడ్లు మాత్రం వద్దు. తడిలో అవి డిస్కుకే అంటుకుని తుప్పు పడతాయి. ఏ రకమైనా వెనక పలక గాల్వనైజ్ చేసిందో కాదో చూడాలి.

ముందు చక్రాలకు మాత్రమే బాగా పట్టే ప్యాడ్లు వేస్తే ముందు వెనకల మధ్య కంపెనీ కుదిర్చిన సమతూకం చెడుతుంది. యూరప్‌లో అమలయ్యే ఐక్యరాజ్య సమితి నిబంధన 90 ప్రకారం మార్పిడి ప్యాడ్ల పనితీరు అసలు ప్యాడ్లకు 15 శాతం లోపు తేడాలోనే ఉండాలి. తక్కువైనా తప్పే, ఎక్కువైనా తప్పే. ‘ఎక్కువ పవర్’ అమ్మేవారు చెప్పని మాట ఇది.

ఇంకో విషయం. ప్యాడ్లలో వాడే రాగి పొడి అయి రోడ్డు మీద రాలుతుంది, వానతో సముద్రం చేరుతుంది. రాగి అయాన్లు పగడాల ఫలదీకరణను దెబ్బతీస్తాయని ప్రయోగశాల పరీక్షలు చూపాయి. అమెరికాలో కాలిఫోర్నియా, వాషింగ్టన్ రాష్ట్రాలు జలచరాల కోసమే 2010లో చట్టాలు చేసి, 2025 నుంచి ప్యాడ్లలో రాగిని 0.5 శాతానికి పరిమితం చేశాయి. ఆ కోవకు చెందిన ప్యాడ్ల మీద ‘ఎన్’ అనే అక్షరం ఉంటుంది. పగడపు దిబ్బల మధ్య బతికే ఊళ్లలో ఆ అక్షరం వెతకడం కష్టమేమీ కాదు.

చెప్పాల్సినవాళ్లు చెప్పాలి

ఇంత లెక్క ప్రతి కొనుగోలుదారూ వేయాలని కోరడం న్యాయం కాదు. దీవుల్లో తప్పు ప్యాడ్ వస్తే మర్నాడు మార్చుకునే వీలుండదు. చెన్నై, విశాఖ రేవుల నుంచి సుమారు 1,200 కిలోమీటర్ల సముద్రం దాటి ఇంకొకటి రావాలి. అప్పటిదాకా ఆ బ్రేకుతోనే నడపాలి.

అందుకే పెట్టె మీద రెండు వివరాలు తప్పనిసరి చేయాలి. ఒకటి, 40 డిగ్రీల దగ్గర ఘర్షణ గుణకం. రెండు, ఉప్పు తేమలో తడిపి, ఆరబెట్టి, మళ్లీ తడిపే పరీక్షలో డిస్కూ ప్యాడ్ పలకా ఎలా నిలిచాయన్నది. ఇందుకు కావాల్సిన సంస్థలు మన దగ్గరున్నాయి. బ్రేకులు పరీక్షించడానికి పుణెలో ఏఆర్ఏఐ ఉంది. తుప్పు శాస్త్రానికి కరైకుడిలో సీఎస్ఐఆర్ వారి సెక్రి ఉంది, దేశపు తుప్పు పటం తయారు చేసింది ఆ సంస్థే. జాతీయ సముద్ర సాంకేతిక సంస్థకు శ్రీ విజయపురంలోనే ఒక కేంద్రం ఉంది. బజారులో దొరికే పది రకాల డిస్కులను అక్కడి ఒడ్డున ఒక ఏడాది వేలాడదీసి చూసినా తెలిసేది చాలా ఉంటుంది.

విద్యుత్ కార్లు పెరిగేకొద్దీ ఈ అవసరం ఇంకా పెరుగుతుంది. వాటిలో వేగం తగ్గించే పని ఎక్కువగా మోటారే చేస్తుంది కాబట్టి డిస్కులు ఖాళీగా ఉండి మరింత తుప్పు పడతాయి. ఫోక్స్‌వాగన్ తన ఐడి.3 కారుకు వెనక చక్రాలకు మూసి ఉండే డ్రమ్ బ్రేకులు పెట్టడానికి ఇదొక కారణం.

అప్పటిదాకా దుకాణంలో ఎన్ని డిగ్రీలు తట్టుకుంటుందని అడగడం మానేద్దాం. చల్లగా ఉన్నప్పుడు ఎలా పడుతుంది, పూత ఎక్కడెక్కడ ఉంది, వెనక పలక గాల్వనైజ్ చేసిందేనా అని అడుగుదాం. పాత డిస్కు మీద ముద్రించి ఉన్న కనిష్ఠ మందాన్ని మెకానిక్ చేత కొలిపిద్దాం. పిన్నులకు గ్రీజు పెట్టించి, ఆయిల్ మార్పిద్దాం. దీవుల కారుకు ఇంతకు మించిన పెర్ఫార్మెన్స్ కిట్ అక్కర్లేదు.