పట్నమున చదువుకొను బిడ్డ ఖర్చు

సేద్యపు పనులను గూర్చి మాటలాడుటకు మేము గ్రామములకు పోయినపుడెల్ల, రైతులు విత్తనముల మాటయు ఎరువుల మాటయు ముగించి, తుదకు బిడ్డల చదువు ప్రసంగము తెత్తురు. “ఎంత పంపినను చాలుట లేదండీ” యను మాట మేము వినని గ్రామము లేదు. బిడ్డ దుబారా చేయుచున్నాడని తండ్రి తలచును. తండ్రికి పట్నపు ధరలు తెలియవని బిడ్డ తలచును. మా యభిప్రాయమున తప్పు వీరిద్దరి గుణమున లేదు. సొమ్ము పంపు పద్ధతిలోను, లెక్క దాచు అలవాటులోను ఉన్నది.

రైతు రాబడి పంటను బట్టి వచ్చును. విద్యార్థి ఖర్చు నెలను బట్టి వచ్చును. ధాన్యము అమ్మిన వారముననే 30,000 రూపాయలు ఒక్కమారుగ బిడ్డకు పంపి, అయిదు మాసముల వరకు మరల ఆ మాట తలపని తండ్రులు పెక్కుమంది కలరు. చెరువు నిండినదని తూము పూర్తిగా ఎత్తివేసి, పైరు పొట్టకు వచ్చునాటికి నీరు లేదని వగచు రైతు ఉండునా? ఆ సొమ్మును తండ్రి తన పొదుపు ఖాతాలోనే యుంచి, నెల మొదటి తేదీన 6,000 చొప్పున పంపవలెను. అందులో 500 రూపాయలను బిడ్డ ముందుగనే వేరుగా తీసియుంచవలెను. అయిదు మాసములకు 2,500 నిలువయగును. పరీక్ష రుసుమునకో, జ్వరము వచ్చినపుడు మందులకో అది అక్కరకు వచ్చును.

రెండవది లెక్క. మేము మిషను పాఠశాల వసతిగృహమున నుండిన దినములలో, ప్రతి శనివారము జమాఖర్చుల పుస్తకము ఉపాధ్యాయులకు చూపవలసి యుండెను. ఒకమారు పదకొండు రూపాయలకు లెక్క కుదరక మూడు దినములు వెదకితిమి. తుదకు అవి అణాపైసలవలె మిఠాయి దుకాణమునకు పోయినవని తేలెను. చిల్లరయే సంచికి చిల్లు అని అపుడు తెలిసినది. 2016లో యూపీఐ వచ్చిన పిదప సొమ్ము చేతికి తగులకయే పోవుచున్నది గనుక, ఈ జాగ్రత్త నేడు మరింత కావలెను. ఫోనులో ప్రతి చెల్లింపును నమోదైయుండును. ఆదివారమునాడు దానిని చూచి పుస్తకమున వ్రాసికొనుటకు అరగంట చాలును.

పొదుపనగా కడుపు మాడ్చుకొనుట గాదు. ఉదయపు ఫలహారము మానిన విద్యార్థి, ఎరువు మానిన రైతువంటివాడు. నలుగురు విద్యార్థులు ఒక గదిలో చేరి, ఇండ్లనుండి బియ్యము, పప్పు, చింతపండు, పచ్చడి తెచ్చికొని, తక్కిన సరకులు కలసి కొని, వంతులవారీగా వండుకొన్నచో ఖర్చు చాల తగ్గును. 1844లో ఇంగ్లండులోని రోచ్‌డేలున 28 మంది కూడి, పిండి, చక్కెర, వెన్న అమ్ము చిన్న దుకాణము తెరచిరి. మన సహకారోద్యమమునకు అదియే మార్గదర్శి. ఇక బస్సునకు విద్యార్థి పాసు తీసికొనవలెను. ఆడపిల్లలకు తెలంగాణమున 2023 డిసెంబరు నుండియు, ఆంధ్రప్రదేశమున 2025 ఆగష్టు నుండియు నిర్ణీత తరగతుల ఆర్టీసీ బస్సులలో ఉచిత ప్రయాణము కలదు.

అన్నిటికంటె ముఖ్యమగునది అప్పు. మేమెరిగిన యొక రైతు కుమారుడు, పంపిన సొమ్ము ముందే అయిపోగా, పరీక్ష రుసుమునకై ఫోనులోని యొక యాప్ ద్వారా 5,000 అప్పు చేసెను. చేతికి వచ్చినది 4,500. నెల తిరుగునప్పటికి కట్టవలసినది 5,000. అనగా నూటికి నెలకు పదకొండు రూపాయలకు పైబడిన వడ్డీ! గ్రామమున మూడు రూపాయల వడ్డీ యనిన మనము బెదరుదుము. ఆ అప్పు తీర్చుటకు మరియొక యాప్‌లో మరియొక అప్పు చేసెను. వసూలుదారులు బంధువులకు ఫోను చేసిన దినముననే తండ్రికి సంగతి తెలిసెను. రిజర్వు బ్యాంకు నిబంధనల ప్రకారము, అప్పునకు సాలుకు పడు మొత్తము ఖర్చును ముందుగనే తెలుపవలెను. అట్లు తెలుపని యాప్‌ను తాకనే రాదు.

“నాతో ఏల చెప్పలేదు?” అని తండ్రి యడిగెను. “మీరు గేదెను అమ్మి నాకు సొమ్ము పంపితిరని అమ్మ చెప్పినది. మీరు నాతో ఏల చెప్పలేదు?” అని కుమారుడు బదులడిగెను. ప్రేమచేతనే ఒకరి లెక్క ఒకరికి దాచిరి. ఆ దాపరికమే వడ్డీ పెంచెను.

మన సంఘమున సర్వసభ్య సమావేశములో జమాఖర్చులు అందరి యెదుట చదువుదుము. దాచిన లెక్క గల సంఘము నిలువదని మనకు తెలియును. కుటుంబమునకును ఇదియే ధర్మము. కావున రైతు సోదరులకు, సోదరీమణులకు మా మనవి: వచ్చు సెలవులలో బిడ్డ యింటికి వచ్చినపుడు పక్కన కూర్చుండబెట్టుకొని, మొదట మీ అప్పు, మీ పంట రాబడి చెప్పుడు. పిమ్మట వాని పుస్తకము అడుగుడు. తప్పు కనబడినను ఆ దినమున కోపగింపకుడు. నిజము చెప్పిన బిడ్డకు దండన దొరకెనేని, మరుసటి అప్పు మీకు తెలియకయే జరుగును.