విజ్ఞాన వీచిక: చిట్టెలుక పంటి కథ

బియ్యపు బస్తాలనూ బీరువాలోని బట్టలనూ కొరికే చిట్టెలుకను మనం విసుక్కుంటాం. కొరకడం దానికి సరదా కాదు, అవసరం. దాని ముందరి పళ్ళు జీవితాంతం పెరుగుతూనే ఉంటాయి. ఎప్పటికప్పుడు అరగదీసుకోకపోతే అది మేత తినలేదు. అయితే దాని దవడ పళ్ళు మన పళ్ళవలె ఒక హద్దు వరకే పెరుగుతాయి. మన పిల్లల పళ్ళు ఏ విధంగా రూపొందుతాయన్న రహస్యాన్ని శాస్త్రజ్ఞులు చాలామట్టుకు ఈ దవడ పళ్ళ ద్వారానే గ్రహించారు.

చిట్టెలుక గర్భధారణ కాలం సుమారు 19, 20 రోజులు. 11వ రోజు ప్రాంతంలో పిండపు దవడపై పైపొర కొంత మందమవుతుంది. 13వ రోజుకు అది మొగ్గగా, మరునాటికి టోపీగా, అటుపిమ్మట గంటగా రూపు మారుతుంది. ఈ మార్పులన్నిటికీ పైపొర, దాని దిగువ కణజాలం ప్రోటీన్ల ద్వారా పరస్పరం పంపుకొనే సందేశాలే ఆధారం. దిగువ కణజాలంలో పనిచేసే ఎం.ఎస్.ఎక్స్-1 అనే జన్యువును తొలగించిన ఎలుకలలో పంటి ఎదుగుదల మొగ్గ దశలోనే ఆగిపోయినట్లు 1994లో వెల్లడైంది. పుట్టుకతోనే కొన్ని పళ్ళు లోపించిన ఒక కుటుంబంలో అదే జన్యువు దెబ్బతిన్నదని 1996లో తేలింది.

ఎలుకపిల్ల పుట్టిన తొలి రోజులలో అసలు నిర్మాణం సాగుతుంది. ఒక వరుస కణాలు పంటి లోపలి డెంటిన్‌ను, వాటికి ఎదురుగా నిలిచిన మరొక వరుస కణాలు పైనుండే ఎనామిల్‌ను తయారుచేస్తాయి. ఎనామిల్ కణాలు మొదట స్రవించే ప్రోటీన్లలో దాదాపు 90 శాతం అమెలోజెనిన్. ఇంటికి శ్లాబు వేసేటప్పుడు కట్టే సెంట్రింగ్ వంటిది ఇది. దీని ఆసరాతో కాల్షియం, ఫాస్ఫేటు స్ఫటికాలు బారులు తీరుతాయి. పిదప కొన్ని ఎంజైములు ఆ ప్రోటీన్లను ముక్కలుచేసి తొలగించగా, ఖాళీ అయిన చోటును ఖనిజమే ఆక్రమిస్తుంది. పరిపక్వమైన ఎనామిల్ బరువులో సుమారు 96 శాతం ఖనిజమే. అమెలోజెనిన్ లేని ఎలుకలను 2001లో పరిశీలించగా, వాటి ఎనామిల్ పలుచగా, అస్తవ్యస్తంగా ఉన్నట్లు తేలింది.

దవడ పన్ను చిగురును చీల్చుకొని వచ్చేసరికి ఎనామిల్ కణాలు నశిస్తాయి. మానవుల పళ్ళన్నిటికీ ఇదే నియమం. విరిగిన ఎముక అతుకుతుంది గాని, పోయిన ఎనామిల్ మళ్ళీ పుట్టదు. కనుక మేలైనా కీడైనా అది తయారవుతున్న కాలంలోనే జరగాలి.

ఈ విషయం తెలుగువారికి మరింత ముఖ్యమైనది. భారతదేశంలో ఫ్లోరోసిస్ వ్యాధి 1937లో అప్పటి నెల్లూరు జిల్లాలో గుర్తింపు పొందింది. నల్గొండ వ్యథ అందరమూ ఎరిగినదే. ఫ్లోరైడు మోతాదు మించితే ఎనామిల్‌లోని ప్రోటీన్లు సకాలంలో తొలగిపోవని ఎలుకజాతి జంతువులపై జరిగిన పరిశోధనలు తెలిపాయి. సెంట్రింగ్ చెక్క శ్లాబులోనే చిక్కుకుపోయినట్లన్న మాట! అట్టి ఎనామిల్ గుల్లబారి, సుద్దవంటి తెల్లని మచ్చలతో వెలువడుతుంది. క్రమేణా ఆ మచ్చలు గోధుమ రంగుకు తిరుగుతాయి.

మన శిశువులకు శాశ్వత దంతాల ఎనామిల్ ఇంచుమించు పుట్టుకతో మొదలై, జ్ఞానదంతాలు మినహా, ఎనిమిదేళ్ళ వరకు తయారవుతుంది. బదిలీపై కొత్త ఊరు చేరినప్పుడు పిల్లల బడి గురించి ఎంత శ్రద్ధగా వాకబు చేస్తామో, తాగునీటి గురించీ అంతే శ్రద్ధగా విచారించాలి. బోరు నీరైతే పరీక్ష చేయించడం ఉత్తమం. లీటరుకు ఒక మిల్లీగ్రాము ఫ్లోరైడు లోపు ఉండటం మంచిది. వేరే నీరు దొరకని చోట సైతం 1.5 మిల్లీగ్రాములు మించరాదు. నీటిని కాచినంత మాత్రాన ఫ్లోరైడు పోదని గృహిణులు గమనించాలి. టెట్రాసైక్లిన్ మందులు కూడా తయారవుతున్న పళ్ళకు మాయని మరక పెట్టగలవు. గర్భిణులకుగాని ఎనిమిదేళ్ళలోపు పిల్లలకుగాని వాటిని వైద్యుని సలహా లేనిదే ఇవ్వరాదు.

పన్ను బయటికి వచ్చాక తోముకోవడం మన చేతిలోని పని. అది చిగురు మాటున రూపుదిద్దుకుంటున్న ఆ కొద్ది సంవత్సరాలు మాత్రం మళ్ళీ తిరిగి రావు.